బుడిపె కోస్తే రంగేంటి?

ఆదోని, ఎమ్మిగనూరు వైపు బుడ్డల చేలో మొక్కను పీకితే, వేళ్లకు ఆవగింజంత, సజ్జగింజంత బుడిపెలు కనిపిస్తాయి. కొత్తవాళ్లు తెగులేమో అనుకుంటారు. నిజానికి అవి రైతుకు యూరియా ఖర్చు తగ్గించే బుల్లి కర్మాగారాలు!

గాలిలో 78 శాతం నత్రజనే. కానీ మొక్క దాన్ని నేరుగా తీసుకోలేదు. ఆ పని రైజోబియం జాతి బ్యాక్టీరియా చేసిపెడుతుంది. వేరుశనగలోనైతే అది పక్కవేళ్లు మొలిచేచోట ఉండే సన్నని పగుళ్లలోంచి లోపలికి వెళ్తుంది. మొక్క దానికి గూడు కట్టి, చక్కెరలు పెట్టి పోషిస్తుంది. బదులుగా అది నత్రజనిని అమ్మోనియాగా మార్చి ఇస్తుంది. 1888లో డచ్ శాస్త్రవేత్త బైజరింక్ ఈ బ్యాక్టీరియాను బుడిపెల నుంచి వేరుచేశాడు.

మరి దాని జన్యువుల్లో మార్పు వస్తే? చాలా పప్పుజాతి మొక్కల్లో 'నాడ్' జన్యువు చెడితే వేరుకు కబురే అందదు, బుడిపే రాదు. 'నిఫ్' జన్యువు చెడితే కథ వేరు. బుడిపె వస్తుంది, నత్రజని మాత్రం తయారుకాదు. ఇల్లుంటుంది, పొయ్యి వెలగదన్నమాట!

ఇలా తిన్నింటి వాసాలు లెక్కపెట్టే అతిథిని మొక్క ఊరికే వదలదు. 2003లో కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు సోయా మొక్కల బుడిపెలకు నత్రజని అందకుండా చేసి చూశారు. పనిచేయని బుడిపెల్లో బ్యాక్టీరియా వృద్ధి దాదాపు సగానికి పడిపోయింది. మొక్క వాటికి ఆక్సిజన్ తగ్గించేయడం ఇందుకు కారణం కావచ్చని వారి పరిశీలనలు సూచించాయి.

అయినా నేలలో పనికిరాని రకాలు ఎక్కువుంటే చోటు ముందు వాటిదే. అందుకే మంచి రకాన్ని విత్తనానికే పట్టిస్తారు. 1980ల్లో పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరీక్షల్లో 'ఎన్‌సీ 92' అనే రకం పట్టించినప్పుడు రోబట్ 33-1 వేరుశనగ దిగుబడి పెరిగింది.

మీ చేలో సంగతేంటో తెలుసుకోవడం తేలికే. విత్తిన 40, 45 రోజులకు నాలుగైదు మొక్కల్ని వేళ్లు తెగకుండా మట్టితో సహా తవ్వి తీయండి. బుడిపెను గోటితో చీల్చండి. గులాబీ, ఎరుపు రంగుంటే పని జరుగుతున్నట్టే. ఆ రంగు మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు చుట్టమైన లెగ్‌హిమోగ్లోబిన్‌ది. తెల్లగా ఉంటే పని మొదలుకాలేదు, లేదా ఆ బ్యాక్టీరియాకు చేతకాదు. ఆకుపచ్చగా మారితే వయసైపోయినట్టు.

బుడిపెలు ఎర్రగా ఉంటే యూరియా బస్తా జోలికి తొందరపడి పోవద్దు. నేలలో నత్రజని ఎక్కువైతే మొక్క బుడిపెలు పెట్టడమే తగ్గిస్తుంది. కల్చర్ ప్యాకెట్ తెస్తే ఎండ తగలనివ్వకండి. విత్తనశుద్ధి మందులు ముందు, కల్చర్ చివర పట్టించాలి. ఎంతైనా అందులో ఉన్నది ప్రాణమున్న జీవి కదా!