మీ ఇంటి మురుగు ఎక్కడికి పోతుంది?

వాంతులు, విరేచనాలతో ఎవరు వార్డులో చేరినా మేము నర్సులం మొదట అడిగే ప్రశ్న, "ఏ నీళ్ళు తాగారు?" అని. కాచి చల్లార్చి తాగండి, ఓఆర్ఎస్ కలుపుకోండి అని చెప్పి పంపిస్తాము. "మీ ఇంటి మురుగు ఎక్కడికి పోతుంది?" అని ఇన్నేళ్ళ సర్వీసులో మేము ఎవరినీ అడగలేదు. అడగవలసింది.

2009 మే నెలలో భోలక్‌పూర్‌లో ఏమి జరిగిందో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మంచినీటిలో మురుగు కలిసింది, కలరా వచ్చింది, పలువురు చనిపోయారు. ఆ నీళ్ళు వాళ్ళ ఇంటి కుళాయి నీళ్ళే. నీళ్ళు వదలని వేళ పైపులో ఒత్తిడి ఉండదు. పక్కనే డ్రైనేజీ కారుతూ, పైపుకు చిన్న చీలిక ఉంటే చాలు, ఆ మురుగు లోపలికి చేరుతుంది. రోజు విడిచి రోజు నీళ్ళు వచ్చే బస్తీలకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

మన కంటోన్మెంట్ వైపు నుండి పోయే పికెట్ నాలా హుస్సేన్ సాగర్‌లో కలుస్తుంది. ఆ దారిలో పాటిగడ్డ దగ్గర రోజుకు 3 కోట్ల లీటర్ల శుద్ధి కేంద్రం కట్టారు. సాగర్‌కు మేలే. కాని అది నాలా చివర ఉన్నది. దానికి ఎగువన నాలా పక్కన కాపురముండే వారికి ఏమి ఒరిగింది? వాన గట్టిగా పడితే ఆ నీరు ముందు వాళ్ళ గడపే దాటుతుంది. నిలిచిన మురుగులో పెరిగే దోమే బోదకాలును మోసేది.

అందుకే పేట మురుగును పేటలోనే శుద్ధి చేయాలని మేము అంటాము. మనకు దగ్గరలోనే సఫిల్‌గూడ చెరువు దగ్గర రోజుకు 6 లక్షల లీటర్ల చిన్న కేంద్రం కట్టారు. మనిషికి రోజుకు 135 లీటర్ల వాడకం లెక్క. అందులో నూటికి 80 వంతులు మురుగుగా పోతుందనుకుంటే, అంత చిన్న కేంద్రమే ఐదు వేల మందికి పైగా సరిపోతుంది.

"మా వీధిలో వద్దమ్మా, కంపు" అంటారు. మేమూ ఒకప్పుడు ముక్కు మూసుకున్నవాళ్ళమే! అందులో జరిగేది ఇంతే: చెత్తను జల్లెడ పట్టి, ఇసుకను తేర్చి, తొట్టిలోకి గాలి ఊదుతారు. ఆ గాలితో బతికే సూక్ష్మక్రిములే మలినాన్ని తినేస్తాయి. తరువాత నీటిని తేర్చి క్లోరిన్ కలుపుతారు. గాలి ఆగితే ఐసియులో ఆక్సిజన్ ఆగినట్టే, ఆ క్రిములు చస్తాయి, అప్పుడే కంపు. కాబట్టి కట్టమని అడిగితే చాలదు. జనరేటర్ ఉందా, రాత్రి డ్యూటీకి ఆపరేటర్ ఉన్నాడా అని కూడా అడగాలి. ప్రారంభోత్సవానికి వచ్చిన పెద్దలు ఏడాది తరువాత మళ్ళీ వచ్చి చూడాలి.

ఆస్పత్రులకూ మినహాయింపు లేదు. 2016 నిబంధనల ప్రకారం ల్యాబు, వార్డుల ద్రవ వ్యర్థాలను క్రిమిరహితం చేశాకే బయటికి వదలాలి. మీరు మమ్మల్ని నిలదీసి అడగవచ్చు. మీ సెప్టిక్ ట్యాంకులోకి మాత్రం మనిషిని దించకండి. 2013 చట్టం అది నేరమంటున్నది. లోపలి విషవాయువు క్షణాల్లో ప్రాణం తీస్తుంది. లారీని పిలవండి, ఆ లారీ ఎక్కడ ఒంపుతుందో కూడా అడగండి.

ఇకమీదట అడ్మిషన్ వేళ మేము ఆ రెండో ప్రశ్న కూడా అడుగుతాము. జవాబు తెలియకపోతే తెలియదనే చెప్పండి. అదే కేసు షీటులో రాసుకుంటాము.