బండి నీది, చప్పుడు అందరిదీ

ఇంట్లో మగపిల్లాడు స్పోర్ట్స్ బైక్ కొన్నాడంటే ఆర్నెల్లు తిరక్కుండానే ఇంకో మాట మొదలవుతుంది. "సైలెన్సర్ మారుస్తా" అని. ఆ సంగతి స్నేహితులతో మాట్లాడతాడు, మెకానిక్‌తో గంటలకొద్దీ మాట్లాడతాడు, మహా అయితే వాళ్ళ నాన్న చెవిన వేస్తాడు. అమ్మని మాత్రం అడగడు. అమ్మకేం తెలుసు బైకుల గురించి! కానీ మార్చిన మర్నాడు అపార్ట్‌మెంట్‌లో ఎవరికి ఇబ్బంది కలిగినా మెసేజ్ వచ్చేది అమ్మకే. "మీ అబ్బాయికి కాస్త చెప్పండి మేడమ్." జవాబు చెప్పుకోవాల్సింది మనమైనప్పుడు, ఎంచుకునేటప్పుడు కూడా మన మాట ఉండాలి కదా. అందుకే ఈసారి వంటింటి కబుర్లు పక్కన పెట్టి సైలెన్సర్ గురించి రాస్తున్నాను.

మావాడికి ఇరవై మూడేళ్ళు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉద్యోగం. మూడొందల సీసీ దాటిన బండి, వాడి జీతంతోనే కొనుక్కున్నాడు. ఆదివారం తెల్లవారకముందే లేచి గండిపేట వైపో, చేవెళ్ళ మర్రిచెట్ల మీదుగా అనంతగిరి కొండలకో వెళ్ళొస్తాడు. హెల్మెట్, జాకెట్ లేకుండా బయటికి కదలడు. చెడ్డ అలవాట్లు లేవు. వాడి కోరిక ఒక్కటే, బండికి "మంచి సౌండ్" కావాలని. ఈ కోరికని నేను వెక్కిరించను. మా చిన్నప్పుడు ఊళ్ళో బుల్లెట్ బండి వస్తుంటే వీధి చివరనుంచే తెలిసేది, పిల్లలందరం అరుగుల మీదికి పరిగెత్తేవాళ్ళం. అయితే అప్పుడు ఊరంతటికీ బుల్లెట్ ఒక్కటే. ఇప్పుడు మా నార్సింగిలో ఒక్క టవర్ సెల్లార్‌లోనే వందల బళ్ళు.

డిగ్రీలో తెలుగు చదివినదాన్ని కాబట్టి నా దృష్టి ముందు మాటల మీదికి పోతుంది. సైలెన్సర్ అంటే నిశ్శబ్దం చేసేది. దాన్నే చప్పుడు కోసం మార్చడమేమిటో! మనకి నాదం అనీ, రొద అనీ రెండు మాటలున్నాయి. బండి మీద కూర్చున్నవాడు నాదం అంటాడు, నాలుగో అంతస్తులో పసిపిల్లని నిద్రపుచ్చుతున్న తల్లి రొద అంటుంది. ఇద్దరూ చెప్పేది ఒకే శబ్దం గురించి. అది తనకి కావాలని కోరుకున్నది మాత్రం ఒక్కడే.

వద్దు అనేసి ఊరుకుంటే పిల్లలు వినరు. అందుకని వాడితోపాటు కూర్చుని నేనూ తెలుసుకున్నాను. కంపెనీ సైలెన్సర్‌లో గదులు గదులుగా ఉంటుంది. ఇంజిన్ నుంచి వచ్చే పొగ ఆ గదుల్లో తిరిగి తిరిగి, శబ్దం అణిగాక బయటికి వస్తుంది. ఆ దారిలోనే కెటాలిటిక్ కన్వర్టర్ అనే భాగం ఉంటుంది. ప్లాటినం, పెల్లేడియం, రోడియం లాంటి లోహాల పూతతో అది విషవాయువుల్ని తగ్గిస్తుంది. బయట దొరికే చాలా రకాల్లో గదులుండవు. చిల్లుల గొట్టం తిన్నగా ఉండి, చుట్టూ గాజుదూది కూరి ఉంటుంది. పొగ సాఫీగా పోతుంది, శబ్దమూ సాఫీగానే వస్తుంది. ఆ దూది వాడగా వాడగా కాలిపోతుంది. కొన్న రోజు ఉన్న చప్పుడు రెండేళ్ళకి ఇంకా పెరుగుతుందన్నమాట.

వీటిలో రెండు రకాలు. చివరి డబ్బా ఒక్కటే మార్చేది స్లిప్ ఆన్. ఇంజిన్ దగ్గర్నుంచి గొట్టమంతా మార్చేది ఫుల్ సిస్టమ్. ఫుల్ సిస్టమ్ పెడితే చాలా బళ్ళలో కన్వర్టర్ కూడా ఊడిపోతుంది. పెట్రోలు, గాలి పాళ్ళు మారి ఇంజిన్ వేడెక్కకుండా ఉండాలంటే కంప్యూటర్ ట్యూనింగ్ మళ్ళీ చేయించాలి. మావాడు వెళ్ళిన ఒక షాపులో "ఆ కన్వర్టర్ తీసిపారేద్దాం, పవర్ పెరుగుతుంది" అన్నారట. ఆ పవర్ ఎంత అని నేనడిగాను. చిన్న ఇంజిన్లకి వచ్చేది ఒకటి రెండు హార్స్‌పవర్ అయితే గొప్ప. గచ్చిబౌలి ట్రాఫిక్‌లో దాన్ని ఎక్కడ వాడతాడట?

"పెద్ద సౌండ్ ఉంటే కార్లవాళ్ళకి వినపడుతుంది, సేఫ్టీ అమ్మా" అన్నాడు. ఈ మాట మీ ఇంట్లోనూ వినే ఉంటారు. వినగానే తల్లి మనసు మెత్తబడుతుంది, నిజమే. కానీ ఆలోచించండి. సైలెన్సర్ నోరు వెనక్కి తిరిగి ఉంటుంది. ముందు వెళ్ళే కారువాడు అద్దాలు ఎత్తుకుని, ఏసీ వేసుకుని, పాటలు పెట్టుకుని ఉంటాడు. అతనికి వినపడేసరికి బండి పక్కకి వచ్చేసి ఉంటుంది. ముందువైపు పనిచేసేవి హారన్, లైటు. 2017 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త టూవీలర్లన్నిటికీ పగలు కూడా లైటు వెలిగే ఉండాలని నిబంధన వచ్చింది ఎదుటివాళ్ళకి కనపడటానికే.

చట్టం సంగతీ చూద్దాం. 175 సీసీ దాటిన బైకులకి తయారీలో శబ్ద పరిమితి 80 డెసిబెల్స్. డెసిబెల్స్ లెక్క మన మామూలు లెక్క కాదు. పది పెరిగితే శబ్దశక్తి పది రెట్లవుతుంది, ఇరవై పెరిగితే వంద రెట్లు. 100 డెసిబెల్స్ అంటే "ఇంకో ఇరవయ్యే కదా" అనుకోవడానికి లేదు. ఇళ్ళుండే చోట శబ్దం పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 దాటకూడదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు చెప్తున్నాయి. శబ్ద, కాలుష్య ప్రమాణాలకి మించిన బండి నడిపితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190 ప్రకారం మొదటిసారికే పదివేల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. మూడు నెలలు లైసెన్సు కూడా పోతుంది. విశాఖ బీచ్ రోడ్డులో పోలీసులు ఇలాంటి సైలెన్సర్లని వరసగా పేర్చి రోడ్డు రోలరుతో తొక్కించడం మనం టీవీలో చూసిందే.

జరిమానాకి భయపడి మానేయమని నేను చెప్పడం లేదు. పట్టుబడకపోయినా వద్దని నేననడానికి కారణం మా చోటు. నార్సింగిలో, కోకాపేటలో ముప్ఫై నలభై అంతస్తుల టవర్లు ఎదురెదురుగా నిలబడ్డాయి. కింద సర్వీస్ రోడ్డు మీద ఒక్కడు బండి లాగిస్తే ఆ మోత గోడలకి తగిలి పైదాకా వస్తుంది. పైగా ఇక్కడ రాత్రీ పగలూ అందరికీ ఒకటి కాదు. అమెరికా వేళల ప్రకారం పనిచేసి పొద్దున ఆరుకి పడుకునే ఆడపిల్లలు ప్రతి ఫ్లోరులోనూ ఉన్నారు. మా మామయ్యగారికి ఎనభై దాటాయి, నిద్ర ఒకసారి చెదిరితే మళ్ళీ పట్టదు. వీళ్ళెవరూ ఆ సైలెన్సర్‌ని ఎంచుకోలేదు.

మావాడు అన్న ఒక మాట నాకు గట్టిగానే తగిలింది. "నా జీతం, నా బండి. ఇందులో కూడా పర్మిషన్ అడగాలా?" సంపాదించే పిల్లాడితో మాట్లాడటం ఎంత కష్టమో ఆ వయసు పిల్లలున్నవాళ్ళకి తెలుసు. రంగు మార్చుకో, సీటు మార్చుకో, స్టిక్కర్లు అంటించుకో, నేను నోరెత్తను. అవి నీ బండి దగ్గరే ఆగిపోతాయి. చప్పుడు ఆగదు నాన్నా, అని చెప్పాను.

చెప్పి ఊరుకోలేదు. వాడు మోజుపడ్డ సైలెన్సరే ఉన్న స్నేహితుణ్ణి ఓ సాయంత్రం పిలిపించాం. మావాణ్ణి వాళ్ళ తాతగారి గదిలో, మంచం పక్కన కూర్చోబెట్టాం. కింద సెల్లార్‌లో ఆ అబ్బాయి బండి స్టార్ట్ చేసి ఒక్క నిమిషం ఉంచాడు. కిటికీ అద్దం అదిరింది. మామయ్యగారు "ఏమిట్రా అది?" అన్నారు. మావాడు ఏమీ అనలేదు. బండి మీద కూర్చున్నవాడికి శబ్దం వెనక్కి పోతుంటుంది కాబట్టి, అది పైన ఎలా ఉంటుందో వాడు విన్నది అదే మొదటిసారి.

మీ ఇంట్లో ఈ మాట మొదలైతే ఈ నాలుగూ అడిగి చూడండి. కంపెనీ వాళ్ళే ఆ మోడల్‌కి, మన రోడ్లకి అనుమతి ఉన్నదని కాగితం మీద ఇస్తున్నారా? "రేస్ ట్రాక్ మీద మాత్రమే" అని పెట్టె మీద చిన్న అక్షరాలతో రాసి ఉందా? అక్రాపోవిచ్, యోషిమురా లాంటి పెద్ద పేర్లలో కూడా ట్రాక్ కోసమే చేసినవి ఉంటాయి, లక్ష పోసినంత మాత్రాన రోడ్డుకి పనికిరావు. కన్వర్టర్ అలాగే ఉంటుందా, శబ్దం తగ్గించే డీబీ కిల్లర్ ఊడదీయకుండా ఉంచుతాడా? వారంటీ, ఇన్సూరెన్స్ సంగతి రాతపూర్వకంగా కనుక్కున్నాడా? క్లెయిమ్ రోజున "మార్పులు చేశారు" అంటే ఎవరం ఏం చెయ్యలేం. నాలుగిటికీ సరైన జవాబు రాకపోతే కంపెనీ సైలెన్సరే మంచిది. ఊడదీసిన పాతదాన్ని షాపువాడికి వదిలెయ్యకుండా ఇంటికి తెమ్మనండి.

వేగానికీ మోతకీ సంబంధం ఉందనుకునే పిల్లలకి ఇంకో మాట. 2023 ఫిబ్రవరిలో మన హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది. అన్నీ కరెంటు కార్లే. వాటికి సైలెన్సర్ అన్న భాగమే లేదు. అయినా జనం ఎగబడి చూశారు.

మావాడు ఇంకా తేల్చుకోలేదు. వాడు ముచ్చటపడ్డది ఆన్‌లైన్ కార్టులో అలాగే ఉంది. నేను తీసెయ్యమనలేదు, కొనమనీ అనలేదు. ఇప్పుడు వాడు చూస్తున్నది హార్స్‌పవర్ లెక్కలు మాత్రమే కాదు, డెసిబెల్స్ కూడా. నాకు కావలసింది అదే. మీ ఇళ్ళలో ఎలా మాట్లాడుకున్నారో రాయండి. ముఖ్యంగా, పిల్లాడి అలక తీరాక కూడా మాట నెగ్గించుకున్న తల్లులెవరైనా ఉంటే, ఎలాగో తప్పకుండా చెప్పండి.