అడవికి ఆత్మకథ ఉండదట!

ఆత్మకథకు చదువు కావాలి, నలుగురికీ తెలిసిన పేరు కావాలి అన్న నమ్మకం మన సాహిత్యలోకంలో పాతుకుపోయింది. వీరేశలింగం స్వీయచరిత్ర నుంచి దాశరథి రంగాచార్య ‘జీవనయానం’ దాకా మనం గొప్పగా చెప్పుకునేవి ఎక్కువగా కలం పట్టినవాళ్ల బతుకులే. ములకలపల్లి, మణుగూరు వైపు కోయగూడేల మాట వచ్చేసరికి ఆ నమ్మకమే ఇంకో వేషం కడుతుంది. వాళ్లకు పాట ఉంది, ఆట ఉంది, జాతర ఉంది, జీవితచరిత్ర మాత్రం ఉండదట. మెచ్చుకోలులా వినిపించే ఈ మాటలో చిన్నచూపు దాగి ఉంది. పాటను పాడినవాడి పేరు అడగకుండానే మెచ్చుకోవచ్చు మరి!

ఐర్లండ్ పడమటి కొసన గ్రేట్ బ్లాస్కెట్ అనే దీవి ఉంది. చేపలు పట్టి, బంగాళదుంపలు పండించి బతికిన ఆ ఊళ్లో నిండా 200 మంది లేరు. అక్కణ్నుంచి ఎనిమిదేళ్లలోపే మూడు జీవితకథలు వచ్చి ఐరిష్ సాహిత్యంలో నిలిచిపోయాయి: 1929లో టోమాస్ ఓ క్రోహన్‌ది, 1933లో మారిస్ ఓ సలివన్‌ది, 1936లో పెగ్ సేయర్స్‌ది. క్రోహన్ ఐరిష్ రాయడం పెద్దయ్యాక నేర్చుకున్నాడు. బయటి నుంచి వచ్చిన ఒక మిత్రుడు గోర్కీని చదివి వినిపించాక, తన బతుకూ పుస్తకమవుతుందని నమ్మి రాశాడు. గోర్కీని మనమూ తెగ చదివాం. ఏ గూడెంలో కూర్చుని ఎవరికి వినిపించామో! ఇక పెగ్‌కు ఐరిష్ చదవనూ రాయనూ రాదు. ఆమె చెబుతుంటే కొడుకు రాశాడు.

కోయవాళ్లు కథను ‘నేను’ అని మొదలుపెట్టరు, గట్టు (వంశశాఖ), వేల్పు అని మొదలుపెడతారు, ఇక ఆత్మకథ ఎక్కడిదని కొందరు అంటారు. పడిగె అనే గుడ్డ మీది బొమ్మలు చూపుతూ కోయల కథకులైన డోలీలు చెప్పేది వంశం కథే, నిజం. మన పెద్దల స్వీయచరిత్రలు మాత్రం గోత్రం, తాతముత్తాతలు లేకుండా మొదలవుతున్నాయా? కంచుతాళంతో సమ్మక్క సారలమ్మల కథ, కోయవంశాల కథలు పాడిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన పోయారు. తరాల కథలు నోటికి పెట్టుకున్న మనిషికి సొంత బతుకు చెప్పడం రాదనుకోవడం వింత.

చెప్పేదొకరు, రాసేదొకరైతే అది రాసినవాడి కథ అవుతుందన్నది ఇంతకంటే గట్టి అభ్యంతరం. పెగ్ విషయంలో జరిగిందీ అదే. పుస్తకంలో భక్తి, దుఃఖం మిగిలాయి, ఆమె కొంటెతనం చాలావరకు వడకట్టుకుపోయింది. అది బడిపుస్తకమై తరాల పిల్లలకు విసుగు పుట్టించింది. అయితే జానపద సేకర్తలు ఆమె నోట విడిగా వందల కథలు రాసుకున్నారు కాబట్టే ఏం పోయిందో ఇప్పుడు తెలుస్తోంది. కాబట్టి మరింత వినాలి, కోయమాటను కోయలోనే తెలుగు లిపిలో అచ్చువేసి పక్కన తెలుగు పెట్టాలి. 1986లో మహిళా బృందం స్త్రీశక్తి సంఘటన అలా విని రాసిన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు తెలంగాణ పోరాటంలోని ఆడవాళ్లు చెప్పింది నాయకుల పుస్తకాల్లో దొరకని చరిత్ర.

1953లో బ్లాస్కెట్‌ను ఖాళీ చేయించారు. అప్పటికే పుస్తకాలు అచ్చయ్యాయి. మనవైపు పోలవరం ముంపు పేరిట 2014లో ఏడు మండలాలు తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌కు సరిహద్దు దాటాయి. అంతకుముందే, 2005 తర్వాత మావోయిస్టులకు వ్యతిరేకంగా నడిచిన సల్వాజుడుం రోజుల్లో, ఛత్తీస్‌గఢ్ నుంచి గుత్తికోయలు అడవిదారుల్లో నడిచి ఇటు వచ్చారు. ఆ నడకలో తల్లుల చంకనున్న పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లయ్యారు. వాళ్లలో తెలుగు రాయడం నేర్చినవాళ్లున్నారు, ఆ దారి గుర్తున్న తల్లులు ఇంకా ఇంట్లోనే ఉన్నారు.