నూనె ఎందుకు కాగింది?

మా బడిలో చదువుకుని ఇప్పుడు అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్న పాత విద్యార్థి ఒకడు ఆమధ్య ఫోను చేసి, "మాస్టారూ, నూనె కాగిపోతోంది, ఏం చెయ్యను?" అన్నాడు. వంటనూనె కాదు పిల్లలూ, కారు ఇంజనులో పోసే నూనె.

వాడి కారు మజ్దా మియాటా. 1989లో వచ్చిన రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు అది. ఇంజను 1.6 లీటర్లది, శక్తి సుమారు 116 అశ్వసామర్థ్యం. అది చాలలేదు మావాడికి. టర్బోచార్జరు బిగించాడు. ఇంజను వదిలే పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రం మరో చక్రాన్ని తిప్పి ఇంజనులోకి గాలిని ఒత్తి తోస్తుంది. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ, పెట్రోలు ఎక్కువైతే శక్తి ఎక్కువ. కాని గుర్రాలు పెరిగితే వాటి చెమటా పెరుగుతుంది గదా! పెట్రోలులోని శక్తిలో ఇంచుమించు మూడో వంతే పనికి వస్తుంది, తక్కినదంతా వేడే. పైగా పొగ సెగకు మాడే టర్బో బేరింగులకు కందెన కూడా ఆ ఇంజను నూనే.

ఆ దేశంలో మామూలు మనుషులు కూడా రుసుము కట్టి రేసుబాట మీద సొంత కారు నడుపుకోవచ్చు. మావాడు పదిహేను నిమిషాలు నడిపేసరికి నూనె మీటరు 145 డిగ్రీల సెల్సియస్ చూపిస్తోందట. నూనె 100 దాటడం తప్పేమీ కాదు. దాటితేనే అందులో చేరిన నీరు ఆవిరై పోతుంది. 120 దాకా ఫరవాలేదు. 145 దగ్గర మాత్రం నూనె స్నిగ్ధత 100 దగ్గర ఉన్నదానిలో సుమారు సగానికి పడిపోతుంది. బేరింగుకూ ఇరుసుకూ మధ్య ఉండవలసిన పలుచని నూనె పొర తెగితే లోహం లోహాన్ని కొరుకుతుంది. అంతకు ముందు ఏడాది వాడి ఇంజను ఒకటి అలాగే పోయింది. ఈసారీ పోతే కారు అమ్మేస్తానన్నాడు.

నేనేం చెప్పాను? "పెద్ద కూలరు వేసుకోరా" అన్నాను. ముప్పై ఏళ్ళ సర్వీసున్న సైన్సు మాస్టారు ఇచ్చిన సలహా అది! వాడు పెద్ద కూలరు కొన్నాడు, చిక్కటి నూనె పోశాడు, రేడియేటరు మార్చాడు, అన్నీ ఒక్క వారంలోనే. నూనె వేడి మూడు డిగ్రీలు తగ్గింది. ఆ మూడు దేనివల్ల తగ్గాయో దేవుడికే తెలియాలి.

అప్పుడు నాకు సిగ్గేసింది. "ఒరే, 145 అని నీకెవరు చెప్పారు?" అని అడిగాను. మీటరు చెప్పింది అన్నాడు. మరి మీటరు నిజం చెబుతోందా? సెన్సారు ఊడదీసి మరిగే నీళ్ళలో ముంచమన్నాను. వాడి ఊరు సముద్రమట్టానికి దగ్గరే, కాబట్టి 100 రావాలి. 104 వచ్చింది. నాలుగు డిగ్రీల అబద్ధం తీసేసినా నూనె కాగుతున్న మాట నిజమేనని తేలింది.

తరువాత ప్రశ్న, కూలరు పని చేస్తోందా? కూలరులోకి నూనె వెళ్ళే గొట్టం మీదా, బయటికి వచ్చే గొట్టం మీదా వేడి చూడాలి. వాడు తుపాకిలా ఉండే పరారుణ థర్మామీటరుతో చూసి, "మాస్టారూ, అరవయ్యే ఉంది!" అని సంబరపడ్డాడు. మెరిసే అల్యూమినియం తన వేడికి తగినంత వికిరణాన్ని వదలదు. నల్లటి, మెరుపు లేని వస్తువే బాగా వదులుతుంది. మీ పాఠంలో ఉన్నదే! అందుకే ఆ తుపాకి మెరిసే లోహం ముందు మోసపోతుంది. దాన్ని పక్కన పెట్టించి, రెండు గొట్టాలకూ థర్మోకపుల్ తీగలు అంటించి, పక్క సీటులో స్నేహితుణ్ణి కూర్చోబెట్టి నిమిషానికొకసారి రాయించాను.

వెళ్ళే నూనె 138, వచ్చే నూనె 135.

ఈ రెండంకెలూ ఎంత కథ చెబుతాయో చూడండి. వెళ్ళే గొట్టం చల్లగా ఉంటే నూనె అటు పోవడమే లేదని, థర్మోస్టాటు మూసుకుందని అనుకోవాలి. ఇక్కడ నూనె పోతోంది, వేడే బయటపడటం లేదు. నిమిషానికి 20 లీటర్ల నూనె తిరుగుతుందనుకుంటే సెకనుకు 0.28 కిలోగ్రాములు. నూనె విశిష్టోష్ణం కిలోకు సుమారు 2.1 కిలోజౌళ్ళు. మూడు డిగ్రీల తేడాకు రెండు కిలోవాట్లు కూడా లేదు. అంటే నీళ్ళు కాచుకునే హీటర్లు రెంటిపాటి కూడా కాదు. అంత పెద్ద కూలరుకు ఇదేం పని?

ఇక మిగిలింది గాలి. కూలరు ముందు ఉన్ని దారపు ముక్కలు అంటించి, చిన్న కెమెరా పెట్టి నడపమన్నాను. కారు దూసుకుపోతున్నా దారాలు వేలాడుతున్నాయి! కూలరు వెనకాల గాలి బయటపడే దారే లేదు. గాలి కూడా మనలాంటిదే, సులువైన దారి ఉంటే అటే పోతుంది. వాడు పాత చిన్న కూలరునే తిరిగి బిగించి, చుట్టూ సందులు మూసి, రేకుతో వెనక దారి చేశాడు. తేడా 14 డిగ్రీలకు పెరిగింది, అంటే ఎనిమిది కిలోవాట్లు. నూనె 122 దగ్గర నిలిచింది.

వాడికి ఇదంతా ముందే ఎందుకు తోచలేదు? తప్పు మాదేనని నా అభిప్రాయం. మా లేబొరేటరీలో మరిగే నీటిలో థర్మామీటరు 98 చూపితే "100 అని రాయరా" అంటాం. 98 రాసినవాడికి మార్కు పోతుంది. ఆ రెండు డిగ్రీలు ఎటు పోయాయి అని అడిగినవాణ్ణి కూర్చోమంటాం. ఇలా పెరిగిన పిల్లవాడు మీటరునైతే గుడ్డిగా నమ్ముతాడు, లేకపోతే కొట్టిపారేస్తాడు. దాన్ని పరీక్షించాలన్న ఊహ రాదు. సిలబస్ పూర్తి కావాలి నిజమే, కాని ఆ రెండు డిగ్రీలకు ఒక పీరియడు ఇవ్వలేమా?

పెద్ద కూలరు ఇంకా వాడి షెడ్డులోనే ఉంది. అమ్మితే సగం ధర కూడా రాదట. ఆ నష్టంలో సగం నేను భరిస్తానంటే నవ్వి ఊరుకున్నాడు.