షాక్ కొట్టలేదు కదా!

"చేతికి ఆ పట్టీ ఎందుకండీ, షాక్ కొట్టలేదు కదా!" మన సాఫ్ట్‌వేరోళ్ళ నోట ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఒకప్పుడు నేనూ అన్నవాణ్ణే లెండి.

సుమారు 3,000 వోల్టులు దాటితేగానీ స్టాటిక్ మన వేలికి చురుక్కుమనదు. కొన్ని చిప్పులు పోవడానికి 100 వోల్టులు కూడా అక్కర్లేదు. అంటే మనకి తెలియకుండానే చంపేస్తామన్నమాట! కొన్నైతే దెబ్బ తిని, కొన్నాళ్ళు పనిచేసి, ఆనక పోతాయి.

ఓ చలికాలం సీతంపేట ఏజెన్సీలో ఓ బడి కంప్యూటరుకి నేనే ర్యామ్ మార్చాను. తీసుకెళ్ళింది మామూలు ప్లాస్టిక్ కవర్లో, ఒంటిమీద ఉన్ని స్వెట్టరు. నెల తిరక్కుండా అది పోయింది. స్టాటిక్ వల్లేనని నిరూపించలేను, కాదని బుకాయించనూ లేను. హైదరాబాదులో అయితే సాయంత్రానికి ఇంకోటి వచ్చేది. అక్కడి పిల్లలు మాత్రం నేను మళ్ళీ వెళ్ళేదాకా నల్లటి తెర చూస్తూ కూర్చున్నారు.

వెండిరంగు షీల్డింగ్ కవరు, 1 మెగా ఓమ్ రెసిస్టరున్న పట్టీ, దానికో సరైన ఎర్తు. ఇంతే కదా! గులాబీ కవరు చాలదు, అది బయటి దెబ్బని ఆపదు.

ఇదంతా ఆడిట్ వాళ్ళ తంతు అని నవ్వేవాళ్ళకి ఒకటే ప్రశ్న. మీ నవ్వు ఖరీదు ఎవరు కడుతున్నారో ఎప్పుడైనా చూశారా?