రకం తెలిసి ఏం లాభం అనేవారికి

కామారెడ్డిలో గానీ ఎల్లారెడ్డిలో గానీ కరోనా రకాల మాట ఎత్తితే, బాగా చదువుకున్నవాళ్లు కూడా అనే మాట ఒకటుంది. "డెల్టా అయితేనేం, ఒమిక్రాన్ అయితేనేం, మందు ఒకటే కదా! జీనోమ్ సీక్వెన్సింగ్ హైదరాబాద్ శాస్త్రవేత్తల పని. మనకు కావాల్సింది పరీక్ష, ఆక్సిజన్, మంచం." ఆక్సిజన్, మంచం కావాలన్నదాంట్లో పేచీ లేదు. 2021 ఏప్రిల్, మే నెలల్లో వాటి కోసం మనవాళ్లు ఎంత తిరిగారో అందరం చూశాం. మిగతా మాట మాత్రం తప్పు. జనం నోట ఉన్నంతవరకైతే ఊరుకోవచ్చు. నమూనాలు ఎక్కడ తీయాలో నిర్ణయించే పద్ధతుల్లోకి కూడా అదే తప్పు చేరింది కాబట్టి ఖండించక తప్పదు.

మందు సంగతే ముందు చూద్దాం. 2021 మేలో రోష్, సిప్లా కంపెనీలు కాసిరివిమాబ్, ఇమ్డెవిమాబ్ అనే రెండు యాంటీబాడీల కాక్‌టెయిల్‌ను మన మార్కెట్లోకి తెచ్చాయి. అప్పట్లో డోసు ధర దాదాపు 60 వేల రూపాయలు. డెల్టా మీద అది పనిచేసింది. ఒమిక్రాన్ దగ్గరికొచ్చేసరికి దాని పట్టు సడలిపోయింది. వైరస్ పైనున్న స్పైక్‌లో యాంటీబాడీ అతుక్కునే చోట్లే మారిపోయాయి మరి. 2022 జనవరిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దాని వాడకానికి అడ్డుకట్ట వేసింది. అంటే మందు ఒకటే కాదు. ప్రతి రోగి వైరస్‌నూ చదవనక్కర్లేదు, ఆ వారం ఈ ప్రాంతంలో ఏ రకం తిరుగుతోందో డాక్టరుకు తెలిస్తే చాలు. బంగారం కుదువపెట్టి ఆ సూది కొనే కుటుంబానికి అంతకంటే అవసరమైన సమాచారం ఏముంటుంది?

ఇంతకూ ఈ చదవడం, అంటే జీనోమ్ సీక్వెన్సింగ్, ఎట్లా జరుగుతుంది? కరోనా జన్యుక్రమం దాదాపు 30 వేల అక్షరాల వరుస. మనిషి నుంచి మనిషికి పాకేకొద్దీ అందులో సగటున నెలకు రెండు అక్షరాలు మారుతుంటాయి. వెనుకట పట్వారీ ఏటేటా పహాణీని చేత్తో తిరగరాసేవాడు. ఒక ఏడాది ఒక సర్వే నంబరులో అంకె తప్పు పడితే, దాన్ని చూసి రాసిన ప్రతి కాపీలోనూ అదే తప్పు దిగుతుంది. కాపీలన్నీ పక్కపక్కన పెడితే ఏది దేన్ని చూసి రాసిందో తేలిపోతుంది. సీక్వెన్సింగ్‌లో జరిగేదీ అదే. 2020 వేసవిలో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఇట్లా పోల్చి చూసే ఏ3ఐ అనే శాఖను పట్టుకున్నారు. అప్పటికి చదివిన భారతీయ నమూనాల్లో 41 శాతం దానివే. కొద్ది నెలల్లోనే ఏ2ఏ శాఖ దాన్ని వెనక్కి నెట్టేసింది.

ఈ పద్ధతికి ఒక హద్దుంది. ఇద్దరి వైరస్‌లు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్నా, ఎవరి నుంచి ఎవరికి సోకిందో అక్షరాలు చూసి చెప్పలేం. పది పన్నెండు అక్షరాల తేడా ఉంటే మాత్రం, వారం కిందట వీరి నుంచి వారికి సోకిందన్న అభియోగం నిలవదు. నేరం మోపడం కంటే నిందలోంచి బయటపడేయడం ఈ పద్ధతికి బాగా చేతనవును. 2021 ఏప్రిల్‌లో పక్కనే నిజామాబాద్ జిల్లాలో ఒక పెళ్లికి వెళ్లొచ్చినవాళ్లలో ఎనభై మందికి పైగా పాజిటివ్ వచ్చింది. అలాంటప్పుడు పది పదిహేను నమూనాలు చదివితే విషయం తేలుతుంది. అన్నీ ఒకే శాఖవైతే పెళ్లిలోనే పాకిందనడానికి బలం దొరుకుతుంది. నాలుగైదు శాఖలు కనిపిస్తే, వైరస్ అప్పటికే నాలుగైదు దారుల్లో ఊళ్లలోకి వచ్చేసిందన్నమాట. అప్పుడు ఒక పెళ్లింటివాళ్లను వేలెత్తి చూపడం అన్యాయం. అధికారులు చేయాల్సిన పని కూడా మారిపోతుంది.

మరి మన నమూనాలు ఎందుకు చదవలేదు? 2020 డిసెంబరులో కేంద్రం ఇన్సాకాగ్ పేరుతో పది ల్యాబులను ఒక్కచోట చేర్చింది. వాటిలో రెండు, సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, మన హైదరాబాద్‌లోవే. పాజిటివ్ నమూనాల్లో 5 శాతం చదవాలనుకున్నారు, కుదరలేదు. తర్వాత పద్ధతి మార్చి, రాష్ట్రానికి ఐదు ల్యాబులు, ఐదు పెద్దాసుపత్రులు ఎంచుకొని ఒక్కోటీ పదిహేను రోజులకు పదిహేను నమూనాలు పంపాలన్నారు. పెద్దాసుపత్రులంటే పట్నాలవే. ఈ లెక్కలో ఎల్లారెడ్డి సర్కారు దవాఖానకు చోటెక్కడ?

అసలు గొలుసు తెగింది ఇంకా కిందనే. మన పల్లెల్లో ఎక్కువగా జరిగినవి ర్యాపిడ్ యాంటిజెన్ పరీక్షలు. ముక్కులో పుల్ల తిప్పి, చిన్న గొట్టంలోని ద్రావణంలో పిండి, కార్డు మీద రెండు మూడు చుక్కలు వేస్తే పావుగంటలో సీ దగ్గరో గీత, టీ దగ్గరో గీత. రెండూ కనిపిస్తే మందుల కిట్టు చేతికిచ్చి ఇంటికి పొమ్మనేవాళ్లు. పుల్ల, గొట్టం, కార్డు చెత్త సంచిలో పడేవి. ఆ మనిషిలో ఏ రకం ఉందో చెప్పగల ఆధారం కూడా వాటితోనే పోయేది. చదవాలంటే రెండో పుల్ల తీయాలి. దాన్ని వైరస్ పాడుకాకుండా ఉంచే వీటీఎం ద్రవం ఉన్న గొట్టంలో గుర్తు దగ్గర విరిచి, మూత బిగించి, పేరు, ఊరు, తేదీ రాసి, ఐస్ బాక్సులో పెట్టి ఆర్టీపీసీఆర్ ల్యాబుకు పంపాలి. అక్కడ సీటీ విలువ 25 లోపు వస్తేనే, అంటే నమూనాలో వైరస్ దండిగా ఉంటేనే, సీక్వెన్సింగ్‌కు పనికొస్తుంది. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఆ గొట్టం ఐదు రోజుల దాకా పాడుకాదు. ఎల్లారెడ్డి నుంచి హబ్సిగూడలోని సీసీఎంబీకి రోడ్డు మీద కొన్ని గంటల ప్రయాణం. కాబట్టి దూరం సాకు చెల్లదు.

ఫలితం వచ్చేసరికి ఉద్ధృతి అయిపోతుంది, ఇక చదివి ఏం లాభం అనే వాదం ఒకటుంది. దానికి జవాబు రెండు తేదీల్లో ఉంది. దక్షిణాఫ్రికాలో ఒమిక్రాన్ నమూనాలు 2021 నవంబరు రెండో వారానివి. నవంబరు 24 నాటికి ఆ దేశం ప్రపంచ ఆరోగ్య సంస్థకు కబురు చెప్పింది. మహారాష్ట్రలో తర్వాత డెల్టాకు దారితీసిన బి.1.617 శాఖ 2020 అక్టోబరు నమూనాల్లోనే ఉంది. మన కేంద్ర ఆరోగ్యశాఖ 'డబుల్ మ్యూటెంట్' అని ప్రకటించింది 2021 మార్చి 24న. అక్కడ రెండు వారాలు, ఇక్కడ ఐదు నెలలు. యంత్రాలు అవే, శాస్త్రమూ అదే. తేడా అంతా నమూనాలు ఎక్కడ, ఎన్ని, ఎంత త్వరగా తీశారన్నదాంట్లోనే. ఆ ఐదు నెలలూ మహారాష్ట్రలోని దెగ్లూర్ నుంచి మద్నూర్ మీదుగా లారీలూ బస్సులూ మన కామారెడ్డి జిల్లాలోకి వస్తూనే ఉన్నాయి. సలాబత్‌పూర్ చెక్‌పోస్టు దగ్గర జ్వరం చూసి వదిలితే వైరస్ రకం తెలియదు.

మహారాష్ట్ర దారే కాదు, విమానాశ్రయం మీదుగా వచ్చే గల్ఫ్ దారి కూడా మనదే. 2021 డిసెంబరు 15న తెలంగాణలో మొదటి ఒమిక్రాన్ కేసులు బయటపడ్డాయి. కెన్యా, సోమాలియాల నుంచి వచ్చి టోలిచౌకిలో ఉన్న ఇద్దరివి. ఆ రెండు దేశాలూ అప్పటి ముప్పు దేశాల జాబితాలో లేవు. అలాంటి దేశాల నుంచి వచ్చినవాళ్లలో 2 శాతం మంది దగ్గర విమానాశ్రయంలో ఊరికే తీసిన నమూనాల్లో దొరికారు. అనుమానాల జాబితా తప్పింది, యాదృచ్ఛికంగా తీసిన నమూనా పట్టుకుంది. మిగతా 98 శాతం మంది ఎక్కడికి పోయారు? బస్సెక్కో, దేవగిరి ఎక్స్‌ప్రెస్‌లోనో ఊళ్లకు చేరారు. అదే నెలలో పక్క సిరిసిల్ల జిల్లా ముస్తాబాద్ మండలం గూడెంలో దుబాయ్ నుంచి వచ్చిన ఒకరికి ఒమిక్రాన్ అని తేలింది. ఊరివాళ్లు ఎవరి ఆర్డరూ లేకుండా తమకు తామే పది రోజులు లాక్‌డౌన్ పెట్టుకున్నారు. పల్లెకు ఈ సమాచారంతో పనేముందనేవాళ్లు గూడెం వైపు చూడాలి. చెప్పిన వెంటనే దాన్ని వాడుకున్న ఊరది.

రకం బయటపెడితే ప్రాంతానికి చెడ్డపేరు వస్తుందన్న భయం నిజమైనదే, తీసిపారేయను. దక్షిణాఫ్రికా నిజం చెప్పగానే ప్రపంచం దానికి విమానాలు ఆపేసింది. 2021 మే మొదట్లో ఎన్440కె మార్పు ఉన్న రకాన్ని కర్నూలుకు అంటగట్టి, 'ఏపీ రకం' ఎన్నో రెట్లు ప్రమాదమని ప్రచారం చేస్తే, ఢిల్లీ ప్రభుత్వం రెండు తెలుగు రాష్ట్రాల నుంచి వచ్చేవాళ్లకు పద్నాలుగు రోజుల క్వారంటైన్ విధించింది. అయితే ఆ పుకారును తిప్పికొట్టింది ఏమిటి? ఆ రకం తగ్గిపోతోందని, దాని స్థానంలో వేరే రకం పెరుగుతోందని సీసీఎంబీ చెప్పగలిగింది. చెప్పడానికి దాని చేతిలో చదివిన నమూనాలున్నాయి. అవి లేని జిల్లా మీద ఎవరేమన్నా కాదనడానికి ఆధారం ఉండదు.

ఎల్లారెడ్డిలో కోట్ల యంత్రం పెట్టమని ఎవరూ అడగడం లేదు. కామారెడ్డిలో 2023లో సర్కారు మెడికల్ కాలేజీ వచ్చింది. మైక్రోబయాలజీ విభాగం లేకుండా మెడికల్ కాలేజీ ఉండదు. ఉద్ధృతి ఉన్నా లేకున్నా పదిహేను రోజులకోసారి ఎల్లారెడ్డి, బాన్సువాడ, మద్నూర్ దవాఖానల్లో దగ్గు జ్వరంతో వచ్చినవాళ్ల నుంచి కొన్ని నమూనాలు తీసి అక్కడికి చేర్చాలి. కరోనాకు తీసిన గొట్టమే ఇన్‌ఫ్లుయెంజాకూ పనికొస్తుంది. పట్టణంలో మురుగు కాల్వల నీళ్లు కూడా తీసి చూడొచ్చు. 2020 ఆగస్టులో సీసీఎంబీ, రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ కలిసి మురుగునీటిని పరీక్షించే హైదరాబాద్‌లో దాదాపు 6.6 లక్షల మందికి సోకి ఉంటుందని అంచనా కట్టాయి. అప్పటి అధికారిక కేసుల లెక్క దాని దరిదాపుల్లో కూడా లేదు.

నమూనా పంపిన చోటికి ఫలితం తిరిగి రావాలన్నది అన్నిటికంటే గట్టిగా అడగాల్సింది. పుల్ల తీసిన ఏఎన్‌ఎంకు, ఇల్లిల్లూ తిరిగిన ఆశా కార్యకర్తకు, ఆ మండల వైద్యాధికారికి పది రోజుల్లో తెలుగులో ఒక పేజీ అందాలి: మీ దగ్గర దొరికింది ఈ రకం, పోయిన నెలకూ ఇప్పటికీ మారింది ఇది, మీరు జాగ్రత్తపడాల్సింది వీళ్ల విషయంలో అని.