రక్తం చూసి ఈలేస్తే వీరత్వం, నవ్వితే వికారమా?

"బ్రెయిన్‌డెడ్" పేరెత్తితే చాలు, మనవాళ్లు ముక్కు మూసుకుంటారు. "ఛీ, అంత రక్తమేంటండీ, అదొక సినిమానా, పైగా అది చూసి నవ్వడమా" అంటారు. అనేదెవరో చూస్తే, 1999లో సమరసింహారెడ్డికీ 2001లో నరసింహనాయుడికీ బ్లాకులో టిక్కెట్లు కొని, పిల్లాపాపలతో వెళ్లి, కత్తి లేచినప్పుడల్లా ఈలలేసిన జనమే! అక్కడ తెగిన తలలకి లేని వికారం ఇక్కడే ఎందుకొచ్చిందో నాకైతే అర్థం కాదు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇది 1992లో న్యూజీలాండ్‌లో పీటర్ జాక్సన్ తీసిన జాంబీ హారర్ కామెడీ. లార్డ్ ఆఫ్ ది రింగ్స్ తీసిన ఆ జాక్సనే. అంతకుముందు ఆయన వెల్లింగ్టన్‌లో ఓ పేపరాఫీసులో పనిచేస్తూ, శనాదివారాల్లో స్నేహితుల్ని పోగేసి, మాస్కుల్ని వాళ్లమ్మ వంటింటి ఓవెన్లో కాల్చి, నాలుగేళ్లు తంటాలుపడి "బ్యాడ్ టేస్ట్" (1987) తీశాడు. బ్రెయిన్‌డెడ్‌కి కాస్త డబ్బు దొరికింది, సుమారు ముప్ఫై లక్షల డాలర్లు. హాలీవుడ్ లెక్కలో అది చిల్లర.

కథ 1957 నాటి వెల్లింగ్టన్‌లో జరుగుతుంది. అమ్మ మాట జవదాటని బిడియస్తుడు లయొనెల్. జూలో ఓ కోతిలాంటి ఎలుక వాళ్లమ్మని కరుస్తుంది. ఆవిడ కుళ్లిపోవడం మొదలెడుతుంది. (ఇక్కణ్ణించి కథ చెప్పేస్తాను, తిట్టుకోకండి.)

అసలు విషయం ఇక్కడుంది. భయాన్నీ నవ్వునీ కలపడమంటే మనవాళ్ల దృష్టిలో ఒక దెయ్యం సీను, ఒక కామెడీ ట్రాకు, మళ్లీ ఒక దెయ్యం సీను. రెండు మాడ్యూళ్లు విడివిడిగా రాసి చివర్లో అతికించినట్టు. బ్రెయిన్‌డెడ్‌లో ఆ అతుకే లేదు. ఏ దెబ్బకి కడుపులో తిప్పుతుందో ఆ దెబ్బకే నవ్వొస్తుంది.

మొదటి సీనే చూడండి. కోతి కరిచినవాడి చెయ్యి నరకాలని తోటివాళ్ల నియమం. చెయ్యి నరికేస్తారు. ఇంకో చేతి మీద కూడా గాటు కనిపిస్తుంది, అదీ నరికేస్తారు. తీరా చూస్తే నుదుటి మీద కూడా ఓ గీత! నియమానికి మినహాయింపు లేదు మరి. ప్రోగ్రాములు రాసేవాళ్లకి ఈ జోకు ఇంకాస్త బాగా తగులుతుంది.

తర్వాత భోజనాల సీను. పరువు కోసం ప్రాణమిచ్చే అమ్మగారు ఊరి పెద్దమనుషుల్ని భోజనానికి పిలుస్తుంది. ఊడొచ్చిన చెంప చర్మాన్ని కొడుకు జిగురుతో అతికిస్తాడు. ఆవిడ చెవి ఊడి కస్టర్డ్ గిన్నెలో పడుతుంది, ఆవిడే దాన్ని నమిలేస్తుంది. ఇందులో ఒక్క పంచ్ డైలాగ్ అవసరం లేదు. ఒళ్లు కుళ్లుతున్నా అతిథుల ముందు మర్యాద తగ్గకూడదన్న పట్టుదలే భయం, అదే హాస్యం. అలాంటి పెద్దవాళ్లు మన చుట్టాల్లో లేరా ఏంటి?

రక్తమూ జోకూ వేరు కావని ఇంకా నమ్మకం కలగకపోతే అమెరికా సంగతి చూడండి. 1993లో అక్కడ "డెడ్ అలైవ్" పేరుతో విడుదలైనప్పుడు 97 నిమిషాల ప్రింటుతో పాటు, రక్తపాతం తగ్గించి 85 నిమిషాల ఆర్ రేటెడ్ ప్రింటు కూడా తయారుచేశారు. రక్తం కోస్తే మర్యాదైన కామెడీ మిగులుతుందనుకున్నారు కాబోలు. రక్తంతో పాటు నవ్వూ పోయింది. బ్రిటన్ సెన్సార్ వాళ్లు మాత్రం కత్తెర పెట్టకుండా వదిలేశారు. వాళ్లకి విషయం అర్థమైందన్నమాట.

"హింసని నవ్వులాటగా చూపిస్తే జనం మొద్దుబారిపోరా?" అని ఒక వాదన ఎప్పుడూ ఉంటుంది. పైకి బాగానే ఉంటుంది. మరి మన ఫ్యాక్షన్ సినిమాలో ఏం జరుగుతుంది? సుమోలు గాల్లోకి లేస్తాయి, పేరు కూడా లేని ఇరవైమంది తెగి పడతారు, హీరో చొక్కా నలగదు, వెనక శంఖం మోగుతుంది. నరికితే సమస్య తీరిపోతుందని అది నేర్పుతుంది. బ్రెయిన్‌డెడ్‌లో నరికిన కొద్దీ సమస్య పెరుగుతుంది. మనిషిని కోస్తే పేగులు విడిగా లేచి వెంటపడతాయి. చివర్లో గడ్డి కోసే మిషను పట్టుకుని జాంబీల మీదికి వెళ్లే లయొనెల్ కూడా అదే రక్తంలో కాలు జారి, పరిగెత్తలేక ఉన్నచోటే గిలగిల్లాడతాడు. హింస చేసేవాణ్ణి దేవుడిగా చూపించడమా, జారిపడే వెర్రివాడిగా చూపించడమా? పిల్లలకి ఏది ప్రమాదమో మీరే చెప్పండి.

2021లో ప్రశాంత్ వర్మ "జాంబీరెడ్డి" తీసి, జాంబీల్ని కర్నూలు ఫ్యాక్షన్ మధ్యలోకి దింపాడు. ఆ ఒక్క ఆలోచనకే దండం పెట్టొచ్చు. పగ చావదంటారు కదా, పగతో పాటు శవం కూడా చావకపోతే? మన ఫ్యాక్షన్ కథల మీద ఇంతకంటే మంచి వెక్కిరింపు దొరకదు. కానీ ఫైట్ల దగ్గరికొచ్చేసరికి హీరోని పైకెత్తే పాత అలవాటు అక్కడా పోలేదని నా అభిప్రాయం. కత్తి పట్టినవాణ్ణి చూసి నవ్వే ధైర్యం మనకింకా పూర్తిగా రాలేదు.

బడ్జెట్ లేదని మాత్రం చెప్పకండి. ఓవెన్లో మాస్కులు కాల్చినవాడి ముందు ఆ మాట చెల్లదు. కొరతంతా ఇంకోచోట ఉంది. మనకి రక్తమంటే అసహ్యం లేదు, మన హీరో నవ్వులపాలవుతాడేమో అన్నదే భయం. బ్రెయిన్‌డెడ్ నచ్చకపోతే నచ్చలేదనండి, తప్పులేదు. కానీ హింస ఎక్కువైందని మాత్రం అనకండి. ఆ మాట అనే హక్కు మనం సమరసింహారెడ్డి టిక్కెట్టుతో పాటే కౌంటర్లో వదిలేసి వచ్చాం.